మూసీ కింది పొలం: మట్టి రిపోర్టులో కాడ్మియం, సీసం ఎక్కువ వచ్చాయి. ఏం పంట వెయ్యొచ్చు?

కత్వకిందిరైతు
అందరికీ నమస్తే. మాది యాదాద్రి భువనగిరి జిల్లా, మూసీ కత్వ (చిన్న ఆనకట్ట) కింద మూడెకరాలు. మా నాయిన ఉన్నప్పుడు వరి వేసేవాళ్ళం. నీళ్ళు చెడిపోయాక వరి ఏపుగా పెరగడం, పడిపోవడం, గింజ దగ్గరికొచ్చేసరికి తాలు. దాంతో గడ్డి పెట్టాం. గడ్డికి గిరాకీ ఉంది కానీ కోసే మనుషులు దొరకడం లేదు. కాల్వకి దూరంగా ఉన్న ఎకరంలో పాలకూర, తోటకూర, మిగతాదాంట్లో మళ్ళీ వరి వేద్దామని ఆలోచన.

సిటీలో చదువుతున్న మా బిడ్డ పట్టుబట్టి మట్టి పరీక్ష చేయించింది. కిలో మట్టిలో మిల్లీగ్రాములు ఇవి: కాడ్మియం 1.6, సీసం 94, క్రోమియం 118, నికెల్ 61, రాగి 72, జింకు 215. పీహెచ్ 7.9. ల్యాబ్ వాళ్ళు కాడ్మియం పక్కన ఎర్ర చుక్క పెట్టారు, అంతకు మించి ఏమీ రాయలేదు. నా భూసార కార్డులో మాత్రం అంతా బాగానే ఉంది. ఏది నమ్మాలి? టెన్షన్‌గా ఉంది.

ల్యాబ్‌కోటు
రెండూ నమ్మండి, రెండూ వేరు వేరు పరీక్షలు. 2015లో మొదలైన భూసార కార్డులో చూసేవి పన్నెండు: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్ (నేల పులుపా, క్షారమా అన్నది), ఈసీ (ఉప్పు మోతాదు), సేంద్రియ కర్బనం. కాడ్మియం, సీసం, క్రోమియం, నికెల్ అందులో లేవు. జింకు, రాగి కూడా "మొక్కకి సరిపోతాయా" అనే చూస్తారు, "ఎక్కువయ్యాయా" అని కాదు. కార్డు బాగుందంటే లోహాలు లేవని కాదండీ, వెతకలేదని.

రెండు ప్రశ్నలు. మట్టిని యాసిడ్‌లో మరిగించి తీసిన మొత్తం విలువలా ఇవి, లేక మొక్కకి అందే భాగాన్నే తీసే డీటీపీఏ ద్రావణంతో తీసినవా? రిపోర్టు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి. శాంపిల్ దేంతో తీశారు?

కత్వకిందిరైతు
"ఆక్వా రీజియా" అని ఉంది మేడమ్. శాంపిల్ మాత్రం పారతో తీశాం, కాల్వ ఒడ్డున రెండు చోట్ల, నడుమ ఒక చోట. మూడూ కలిపి ఒకే కవర్లో పంపించాం.

ల్యాబ్‌కోటు
అది యాసిడ్ల మిశ్రమమే, అయితే ఇది మొత్తం విలువ. మొక్కకి అందేది ఇందులో చిన్న భాగం.

శాంపిల్ మాత్రం మళ్ళీ తీయాల్సిందే. ఒడ్డున మడ్డి పేరుకుంటుంది, అక్కడి మట్టిని దూరపు మట్టితో కలిపితే ఆ అంకె ఏ చెక్కదీ, అంటే ఏ పొలం ముక్కదీ, కాదు. ఎకరానికి ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతున వీ ఆకారంలో గుంట తీసి, పక్క నుంచి పలచగా చెక్కి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు తీసేస్తూ అరకిలోకి తేవాలి. ఏ చెక్క ఆ చెక్కకే. జింకు పూత ఉన్న రేకు, తుప్పు పట్టిన పార వద్దు. చెక్క గరిటె, ప్లాస్టిక్ తాపీ, స్టీలుదైతే స్టెయిన్‌లెస్. ఇంకొకటి: మీ ఊళ్ళోనే మూసీ నీళ్ళు ఎన్నడూ ఎక్కని మెట్ట చేను నుంచి ఒక శాంపిల్ తీయండి. అది లేకపోతే నికెల్, క్రోమియం అంకెలు చూసి ఏమీ చెప్పలేం.

దేశీఆవు
ఇదంతా డీఏపీ, యూరియా పుణ్యమే. భాస్వరం రాయిలోనే కాడ్మియం ఉంటుందని ప్రపంచమంతా తెలుసు. రసాయనాలు ఆపేసి జీవామృతం పోయండి అన్నా, మూడేళ్ళలో మట్టి శుద్ధి అయిపోతుంది.

మట్టిమాస్టారు
భాస్వరం రాయిలో కాడ్మియం ఉంటుందన్న మాట నిజమే. కానీ ఎంత? లెక్క వేద్దాం.

యూరోపియన్ యూనియన్ 2019లో చేసిన నియమం ప్రకారం ఫాస్ఫేట్ ఎరువులో ఒక కిలో పీ2ఓ5కి (ఎరువులో భాస్వరాన్ని లెక్కగట్టే రూపం ఇది) 60 మిల్లీగ్రాముల కాడ్మియం దాటకూడదు. సరిగ్గా ఆ అంచున ఉన్న డీఏపీ అనుకోండి. 50 కిలోల బస్తాలో పీ2ఓ5 23 కిలోలు, అంటే కాడ్మియం 1,380 మిల్లీగ్రాములు. ఎకరం పైమట్టి, 15 సెంటీమీటర్ల లోతు వరకు, సుమారు 9 లక్షల కిలోలు. బస్తా వేస్తే కిలో మట్టికి పెరిగేది 0.0015 మిల్లీగ్రాములు. ఏటా రెండు బస్తాల చొప్పున 50 ఏళ్ళు వేసినా 0.15. కత్వకిందిరైతు గారి మట్టిలో ఉన్నది 1.6. ఈయన గడ్డి పెట్టాక డీఏపీ వేసి ఉంటారని కూడా నేననుకోను, మూసీ నీళ్ళల్లోనే నత్రజని, భాస్వరం కావలసినంత ఉంటాయి.

ఇక శుద్ధి మాట. పురుగుమందుని సూక్ష్మజీవులు విరగ్గొడతాయి. లోహం మూలకం. దాన్ని విరగ్గొట్టేది ఏదీ లేదు. సేంద్రియ పదార్థం దాన్ని కొంత పట్టి ఉంచుతుంది, అది మేలే. మాయం చెయ్యదు.

కత్వకిందిరైతు
అవును సార్, డీఏపీ వేసి చాలా ఏండ్లయింది.

చీనీతోట
మాస్టారూ, మాది అనంతపురం జిల్లా. చీనీ చెట్లకి బోర్డో మిశ్రమం కొడుతూనే ఉంటాం. మా రాగి లెక్క కూడా కాస్త చెప్పండి.

మట్టిమాస్టారు
ఒక శాతం బోర్డో అంటే 100 లీటర్లకి కిలో మైలుతుత్తం. అందులో పావుకిలో రాగి. ఎకరానికి 200 లీటర్లు కొడితే అరకిలో రాగి. కిలో మట్టికి అర మిల్లీగ్రాము పైచిలుకు. డీఏపీ బస్తాలోని కాడ్మియంతో పోల్చి చూసుకోండి, ఇది కొన్ని వందల రెట్లు. ఏడాదికి నాలుగుసార్లు, ఇరవై ఏళ్ళు కొడితే 44 మిల్లీగ్రాములు చేరుతుంది, పైగా రాగి పైపొరలోనే కూర్చుంటుంది. మనిషికంటే ముందు వానపాములకీ వేర్లకీ చెరుపు. మీ నేలలు సున్నం నేలలు కాబట్టి తొందరగా బయటపడదు. అయినా అవసరం లేని స్ప్రే మానండి.

కోళ్ళఫారం
మరి కోళ్ళ ఎరువు? మా దగ్గర నుంచి లారీలు లారీలు పోతుంది.

ల్యాబ్‌కోటు
కోళ్ళ దాణాలో జింకు, రాగి కలుపుతారు. కోడి వంట్లో నిలిచేది కొంతే, మిగతాది పెంటలోకే. ఏటా ఒకే చేలో మందంగా తోలేవాళ్ళు రెండు మూడేళ్ళకోసారి ఆ రెండూ చూపించుకోవాలి. కాడ్మియం భయం పెద్దగా లేదు. సిటీ కంపోస్టు తోలేవాళ్ళు మాత్రం బస్తా మీది విశ్లేషణ అడగండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కిలోకి కాడ్మియం 5, సీసం 100, క్రోమియం 50, నికెల్ 50 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఆరోగ్యభూమి_సేల్స్
[ఈ పోస్టు తొలగించబడింది]

నిర్వాహకుడు
"భారలోహాలను 40 రోజుల్లో తొలగించే ద్రవం" ప్రకటన తీసేశాను. అమ్మకాలకి వేరే విభాగం ఉంది. ఈ సరుకుకి అక్కడ కూడా చోటు లేదు.

మిర్చియార్డు
ద్రవం సంగతి సరే. పొద్దుతిరుగుడు, ఆవాలు వేస్తే లోహాల్ని లాగేస్తాయని ఎక్కడో చదివాను. ఒకటి రెండు పంటలు అవి వేసి, తర్వాత కూరగాయలు వేసుకోవచ్చు కదా?

మట్టిమాస్టారు
మళ్ళీ లెక్కే. సీసం కిలోకి 50 మిల్లీగ్రాములు తగ్గించాలంటే ఎకరం పైమట్టి నుంచి 45 కిలోల సీసం బయటికి తీయాలి. ఎకరంలో నాలుగు టన్నుల ఎండు పొద్దుతిరుగుడు చొప్ప వచ్చిందనుకుందాం, అందులో కిలోకి 20 మిల్లీగ్రాముల సీసం ఎక్కిందనుకుందాం. మొత్తం 80 గ్రాములు. ఏటా ఒక పంట అయితే ఐదు వందల ఏళ్ళు పైనే. పీకిన చొప్పని ఎక్కడ పడెయ్యాలన్నది ఇంకో తలనొప్పి. కాడ్మియం ఇంతకంటే సులువుగా ఎక్కుతుంది, కొన్ని ప్రత్యేకమైన మొక్కలు బాగా పట్టుకుంటాయి కూడా. కానీ ఒకటి రెండు పంటల్లో తేలే పని కాదు.

బర్రెలకొట్టం
మేం సిటీలో బర్లు మేపుతాం. గడ్డి మూసీదే. ఈ చర్చ చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు. పాలల్లోకి వస్తుందా?

ల్యాబ్‌కోటు
సీసం, కాడ్మియం పాలల్లోకి తక్కువగానే దాటుతాయి. పశువు వంట్లో అవి చేరేది కాలేయం, మూత్రపిండాల్లో. మన భాషలో ఖలేజా, గుర్దా. ముసలి పశువులో ఇంకా ఎక్కువ. కాబట్టి పాలని చూసి కంగారు పడకండి, కానీ గడ్డికి అంటుకున్న బురదని చిన్నచూపు చూడకండి. సీసం గడ్డిలోకి ఎక్కేది తక్కువ, బురదగా నోట్లోకి పోయేదే ఎక్కువ. నాలుగు వేళ్ళ ఎత్తు వదిలి కోసినదే తీసుకోండి, వరదలో మునిగిన గడ్డి వద్దు.

దేశీఆవు
అంతా మామూలే అన్నట్టు మాట్లాడుతున్నారు. పటాన్‌చెరు వాళ్ళని అడగండి మామూలో కాదో. నక్కవాగు కింద పొలాలు ఏమయ్యాయి?

మట్టిమాస్టారు
మామూలే అని ఎవరూ అనలేదు. పటాన్‌చెరు మాట ఎత్తారు కాబట్టి: అక్కడ 1970ల నుంచి ఫ్యాక్టరీల నీళ్ళు నక్కవాగులోకీ చెరువుల్లోకీ పోయాయి. డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే, కేసు సుప్రీంకోర్టుకి వెళ్తే, రైతులకి నష్టపరిహారం అన్న మాట వచ్చింది. అక్కడ లోహాలతోపాటు ద్రావకాలు, మందుల వ్యర్థాలు, ఉప్పు అన్నీ కలిసి ఉన్నాయి. మూసీ దిగువన ప్రధానంగా ఊరి మురుగు, దాంట్లో చిన్నా పెద్దా పరిశ్రమల నీళ్ళు కలిసినవి. రెండింటినీ ఒకటిగా చూస్తే ఈ రైతు వేసిన ప్రశ్నకి జవాబు దొరకదు. మీ కోపం న్యాయమైనదే. కానీ కోపానికి పీహెచ్ తెలియదు.

నాగోయా_నాని
నేను జపాన్‌లో ఉంటాను. కాడ్మియం అంటే ఇక్కడివాళ్ళకి తొయామా జిల్లాలోని జింజూ నది గుర్తొస్తుంది. ఎగువన కమియోకా గని, అక్కడ సీసం, జింకు తీసేవాళ్ళు. ఆ నీళ్ళు కిందున్న వరిపొలాల్లోకి వచ్చాయి. ముఖ్యంగా వయసు మళ్ళిన ఆడవాళ్ళకి ఎముకలు విరిగిపోయేవి, దగ్గినా విరిగేవి. "ఇతాయి ఇతాయి" అని, అంటే నొప్పి నొప్పి అని మూలిగేవాళ్ళట, జబ్బుకి అదే పేరు పడింది. 1968లో కాలుష్యం వల్ల వచ్చిన జబ్బుగా ప్రభుత్వం ఒప్పుకుంది. తర్వాత పైమట్టిని కింద పూడ్చి మీద మంచి మట్టి కప్పారు. 1979లో మొదలుపెట్టిన పని 2012కి గానీ పూర్తి కాలేదు, 860 హెక్టార్ల పైన.

మూసీ దగ్గర పరిస్థితి అంత దూరం వెళ్ళిందా అన్నది నాకు అర్థం కావడం లేదు.

మట్టిమాస్టారు
నానీ, అడగాల్సిన ప్రశ్నే అడిగావు. జింజూ నేలలు పుల్లనివి. చైనా హునాన్‌లోనూ అంతే, 2013లో గ్వాంగ్‌ఝౌలో బియ్యం శాంపిళ్ళలో కాడ్మియం బయటపడి గొడవైంది కదా, ఆ బియ్యంలో చాలావరకు అక్కడి నుంచి వచ్చినవే. పుల్లని నేలలో కాడ్మియం కరిగి వేరుకి అందుతుంది. కత్వకిందిరైతు గారి నేల పీహెచ్ 7.9. మట్టి గట్టిగా పట్టుకుంటుంది. మన తెలంగాణ మాగాణులకి ఇది దేవుడిచ్చిన రక్షణ.

రెండోది నీరు. వరి మడిలో నీళ్ళు నిలిచి ఉన్నంతకాలం గాలి ఆడదు, కాడ్మియం గంధకంతో కలిసి కరగని రూపంలోకి పోతుంది. మడి ఆరబెడితే మళ్ళీ విడుదలవుతుంది. గింజ పాలు పోసుకునే వేళ ఆరబెడితే సరిగ్గా ఆ సమయానికే గింజలోకి పోతుంది. ఆరుతడి పద్ధతి నీటి పొదుపుకి మంచిదే, కానీ ఇలాంటి నేలలో పొట్ట దశ నుంచి గింజ గట్టిపడేదాకా పలచగానైనా నీళ్ళు నిలపాలి. ఆర్సెనిక్ ఉన్న నేలల్లో ఇది పూర్తిగా తిరగబడుతుంది, నీళ్ళు నిలిపితే ఆర్సెనిక్ ఎక్కువ ఎక్కుతుంది. అందుకే ఒక ఊరి సలహా ఇంకో ఊరికి పనికిరాదు.

మూడోది ఉప్పు. మూసీ నీళ్ళల్లో క్లోరైడ్ ఎక్కువ. క్లోరైడ్ కాడ్మియంతో జతకట్టి దాన్ని మట్టి నుంచి విడదీస్తుంది. ఇది మీకు ఎదురుగా పనిచేసే అంశం. పొటాష్ వెయ్యాల్సి వస్తే క్లోరైడ్ ఉండే మ్యూరేట్ కాకుండా సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి.

కత్వకిందిరైతు
సున్నం తోలితే మంచిదని ఇక్కడ ఒకాయన చెప్పిండు సార్.

మట్టిమాస్టారు
పుల్లని ఎర్రనేలల్లో, పీహెచ్ ఐదున్నర ఆరు దగ్గర ఉన్నచోట, మంచిదే. 7.9 నేలకి సున్నం తోలితే డబ్బు దండగ, పైగా ఇనుము, జింకు పంటకి అందకుండా పోతాయి.

కత్వకిందిరైతు
మేడమ్ చెప్పినట్టు మళ్ళీ తీయించాం. ఈసారి మూడు కవర్లు. కాల్వ ఒడ్డు చెక్క: కాడ్మియం 2.1, సీసం 121, నికెల్ 66, క్రోమియం 127. దూరంగా ఉన్న ఎకరం: కాడ్మియం 0.7, సీసం 48, నికెల్ 52, క్రోమియం 101. మా మామ వాళ్ళ మెట్ట చేను: కాడ్మియం 0.2, సీసం 22, నికెల్ 41, క్రోమియం 83.

ల్యాబ్‌కోటు
చూశారా, చిత్రం మారిపోయింది. నికెల్, క్రోమియంలో చాలా భాగం మీ నేలదే. మెట్ట చేలోనూ ఉన్నాయి కదా. ఇదే అంకెలు నల్లరేగడిలో వస్తే ఎవరూ ఆశ్చర్యపోరు, బసాల్ట్ రాయి నుంచి పుట్టిన మట్టిలో నికెల్, క్రోమియం, రాగి సహజంగానే ఎక్కువ. మూసీ పుట్టే వికారాబాద్ వైపు ఆ రాయి ఉంది. మూసీ నీళ్ళతో వచ్చినవి ప్రధానంగా కాడ్మియం, సీసం. ఒడ్డున మెట్ట కంటే కాడ్మియం పది రెట్లు, దూరపు ఎకరంలో మూడున్నర రెట్లు.

పరిమితులు అడుగుతారు కాబట్టి: యూరప్‌లో మురుగు మడ్డి చల్లే పొలాలకి మట్టిలో కాడ్మియం 1 నుంచి 3, సీసం 50 నుంచి 300 అని పెట్టారు. మన దగ్గర పరిశోధకులు ఎక్కువగా వాడేది కాడ్మియం 3 నుంచి 6. ఒకే మట్టి ఒక లెక్కలో పాస్, ఇంకో లెక్కలో అంచున. మట్టి అంకె మీద తీర్పు చెప్పడం నాకు ఇష్టం లేదు. పంటని పరీక్ష చేయించండి.

బర్రెలకొట్టం
పంటకి పరిమితి ఎంత?

ల్యాబ్‌కోటు
కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) ప్రకారం కాడ్మియం బియ్యంలో కిలోకి 0.4, ఆకుకూరల్లో 0.2, కాయగూరల్లో 0.05 మిల్లీగ్రాములు. ఆకుకూరల్లో సీసానికి 0.3. ఇక్కడ ఒక మెలిక. కూరగాయల పరిమితి పచ్చి బరువు మీద. చాలా ల్యాబులు ఎండబెట్టిన పొడి మీద చెప్తాయి. పాలకూరలో నూటికి తొంభై పాళ్ళు నీళ్ళే. పొడిలో 1.2 అని వస్తే పచ్చిలో 0.12. ఇది తెలియక పేపర్లలో "పది రెట్లు విషం" అని రాసేస్తుంటారు. రిపోర్టు మీద ఏ బరువో అడిగి రాయించుకోండి.

నాగోయా_నాని
బియ్యం 0.4 అంటే మనకి నిశ్చింతేనా? జపాన్‌లో కూడా అదే ఉంది, కానీ ఇక్కడివాళ్ళు మనంత అన్నం తినరు.

ల్యాబ్‌కోటు
నిశ్చింత కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) ఉమ్మడి నిపుణుల సంఘం 2010లో పెట్టిన హద్దు, నెలకి ఒక కిలో శరీర బరువుకి 25 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి రోజుకి 50. రోజుకి 400 గ్రాముల బియ్యం తినే ఇంట్లో, ఆ బియ్యంలో 0.4 ఉంటే 160 మైక్రోగ్రాములు పోతుంది. 0.1 ఉన్నా 40. మూడు పూటలా అన్నమే తినేవాళ్ళు 0.1 లోపు ఉండాలని కోరుకోవాలి. ఒకసారి మూత్రపిండాల్లో చేరితే సగానికి తగ్గడానికే పదేళ్ళకి పైన పడుతుంది. అమ్మే రైతు కంటే, ఏడాది పొడవునా సొంత పొలం బియ్యమే వండుకునే కుటుంబానికి ఇది ముఖ్యం.

మిర్చియార్డు
ఇది మాత్రం నాకు కొత్త. మేమూ తిండిగింజలు బయట కొనం.

కత్వకిందిరైతు
మరి నేనేం వెయ్యాలి? అది చెప్పండి సార్, లెక్కలు చాలా అయినయి.

మట్టిమాస్టారు
సరే. ఆకుకూరలు వద్దు. పాలకూర, తోటకూర కాడ్మియాన్ని అందరికంటే ముందు లాక్కుంటాయి, ఆకు మీద పడ్డ మడ్డితో సీసం కూడా పోతుంది. సిటీ పక్కన ఆకుకూరలకే డబ్బులని తెలుసు, అయినా వద్దంటాను. ముల్లంగి, క్యారెట్ కూడా వద్దు. దూరపు ఎకరంలో గోరుచిక్కుడు, చిక్కుడు, సొర, బీర, దోస వేసుకోండి. పాదులు పందిరి మీదికి ఎక్కించండి, కాయ నేలకి తగలకూడదు. బోరు నీళ్ళు ఉంటే వాటితోనే పెట్టండి, బోరు నీళ్ళ ఉప్పు కూడా చూపించుకోండి.

ఒడ్డు చెక్కలో తిండిపంట వద్దు. గడ్డి వద్దనుకుంటే బంతి, చామంతి. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ మీకు దూరం కాదు.

మధ్యలో ఉన్న చెక్కలో వరి ఒక కారు వేసి చూడండి. నీళ్ళు పైన చెప్పినట్టు నిలపండి. కోశాక ధాన్యం ఆడించి బియ్యం పరీక్షకి పంపండి. 0.1 దాటితే ఇంటికి వాడకండి.

దేశీఆవు
బంతిపూలకి మాత్రం నేను ఒప్పుకుంటాను. ఘనజీవామృతం వెయ్యడానికి అభ్యంతరం లేదుగా?

మట్టిమాస్టారు
ఏం లేదు, వెయ్యండి. పశువుల ఎరువు వేసిన నేల లోహాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంటుంది. ఆ పేడ మూసీ గడ్డి మేసిన పశువుది కాకుండా చూసుకోండి.

కత్వకిందిరైతు
పందిరికి రాళ్ళు పాతిస్తున్నా, బీర, సొర పెడుతున్నా. వరి వానకాలంలో చూస్తా. బియ్యం పరీక్ష మట్టి పరీక్ష చేసిన చోటే చేస్తారా మేడమ్?

ల్యాబ్‌కోటు
అన్ని మట్టి ల్యాబులూ చెయ్యవు. ఆహార పదార్థాల్లో లోహాలకి ఎన్ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా అని అడగండి, ఐసీపీ-ఎంఎస్ (చాలా తక్కువ మోతాదుని కూడా పట్టే యంత్రం) మీద చేస్తారా అని కూడా. బియ్యంలో ఉండే తక్కువ మోతాదుకి మామూలు ఏఏఎస్ యంత్రం సరిపోదు, "కనబడలేదు" అని రాసి ఇచ్చేస్తారు. ఎంత కంటే తక్కువ కనబడలేదో ఆ అంకె రిపోర్టులో రాయించుకోండి. కొత్త మిల్లులో మీకంటే ముందు ఎవరి ధాన్యం ఆడించారో తెలియదు కాబట్టి మొదటి రెండు కిలోలు వదిలేసి తర్వాతది పట్టండి.